రిటైరయ్యాక ఎక్కడుండాలి, రోజంతా ఏం చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి 2017లో రిటైరయ్యాను. తర్వాత పద్నాలుగు నెలలు సొంతూళ్లో ఉన్నాం, ఆరు నెలలు అమెరికాలో అబ్బాయి దగ్గర, కొన్నాళ్లు హైదరాబాద్‌లో అమ్మాయి ఇంటికి దగ్గర్లో. ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాం. ఇన్నిసార్లు సామాను కట్టి విప్పినవాణ్ణని తెలిసి, రిటైర్‌మెంట్ దగ్గరపడ్డ పాత కొలీగ్స్ ఫోన్ చేస్తుంటారు. అటూ ఇటుగా అందరూ ఇవే అడుగుతారు.

ఇంకా రెండేళ్ల సర్వీసుంది. ఇప్పటినుంచే టెన్షన్ పడాలా?

టెన్షన్ అక్కర్లేదు, చూడ్డం మొదలుపెట్టండి. కేంద్ర ఉద్యోగులు 60కి, తెలంగాణ ఉద్యోగులు 61కి, ఆంధ్రప్రదేశ్ వాళ్లు 62కి దిగుతున్నారు. అప్పటికి ఒంట్లో ఓపిక ఉంటుంది. ఇల్లు కూడా ఆ ఓపికను బట్టే చూసుకుంటాం. మేడ మీద గది, వెనక పెరడు, ఊరికి కాస్త దూరమైనా పర్వాలేదు, కారుంది కదా. డెబ్బై అయిదేళ్లకి ఆ కారు ఎవరు నడుపుతారన్నది అప్పుడు తట్టదు.

ఉండాలనుకున్న ఊళ్లో సెలవు పెట్టి పదిహేను రోజులు ఉండి చూడండి. మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. సంక్రాంతికి చూసి మాత్రం నిర్ణయం తీసుకోవద్దు. సంక్రాంతికి ఏ ఊరైనా బాగానే ఉంటుంది.

సొంతూరు వెళ్లిపోవాలని ఎప్పటినుంచో కోరిక. వెళ్లమంటారా?

ఈ ప్రశ్నకి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి.

మాది కోనసీమలో కాలవ గట్టు మీద చిన్న ఊరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎక్కడికి ట్రాన్స్‌ఫరైనా, చివరికి అక్కడే అనుకున్నాను. రిటైరైన ఏడాదే ఇల్లు కట్టించాను. నాకది సొంతూరు, మా ఆవిడకి అత్తారిల్లు. ఈ తేడా నాకు గృహప్రవేశం అయ్యేదాకా బుర్రకెక్కలేదు. నేను బయటికెళ్తే "ఏరా, ఎప్పుడొచ్చావ్" అనేవాళ్లు నలుగురుండేవారు. ఆవిడ గుమ్మం దాటితే ఫలానావారి కోడలు. అరవై ఏళ్లకి మళ్లీ కొత్త కోడలైంది. ఆవిడ స్నేహితురాళ్లంతా విజయవాడలో మేం పదేళ్లున్న కాలనీలో ఉండిపోయారు. సాయంత్రం నాలుగయ్యేసరికి అరుగు మీద కూర్చుని రావులపాలెం బస్సు దిగేవాళ్లని చూసేది. తెలిసినవాళ్లు వస్తారని కాదు, ఎవరో ఒకరు దిగుతారని.

నా సంగతీ గొప్పగా ఏం లేదు. నాతో పదో తరగతి చదివినవాళ్లలో ఊళ్లో మిగిలింది ఇద్దరు. ఒకడు తెల్లారగానే చేనుకి పోయి పదకొండింటికొచ్చి, తిని పడుకుంటాడు. రెండోవాడికి చెవులు సరిగా వినపడవు.

ఆగస్టులో ఒకరోజు జల్లు కొట్టింది. వసారాలో అద్దంలా మెరవాలని నేనే ముచ్చటపడి గ్రానైట్ వేయించాను. తడిసిన ఆ రాయి మీద ఆవిడ కాలు జారి కుడి మణికట్టు విరిగింది. 108 ఇరవై నిమిషాల్లో వచ్చింది, రాజమండ్రిలో కట్టు కట్టారు. అంతవరకు ఏ లోటూ లేదు. కష్టం ఆ తర్వాతే మొదలైంది. ఆరు వారాలు వంట ఎవరు చేయాలి? నాకు వచ్చింది టీ, ఉప్మా. కట్టు విప్పాక వేళ్లు మళ్లీ వంగాలంటే రోజూ ఫిజియోథెరపీ అన్నారు. మా ఊరు వచ్చి చేసేవాళ్లెవరూ లేరు. అరగంట పనికి రానూపోనూ రెండు గంటలు. అందుకే చెప్తున్నాను, ఊరు చూసేటప్పుడు ఆస్పత్రి ఎంత దూరమని అడిగి ఊరుకోవద్దు. ఫిజియోథెరపిస్టు, వంటమనిషి, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ కుర్రాడు ఎంత దూరంలో ఉన్నారో కూడా అడగండి.

అలాగని ఎవరూ వెళ్లొద్దని కాదు. ఊళ్లో అన్నదమ్ములున్నవాళ్లు, ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా పెళ్లికీ చావుకీ మానకుండా వెళ్లినవాళ్లు, దగ్గరుండి చేను చూసుకునేవాళ్లు హాయిగానే ఉన్నారు. ముప్పై ఏళ్లు మొహం చూపించకుండా పెన్షన్‌తో దిగిన మనిషిని మాత్రం ఊరు చుట్టంలాగే చూస్తుంది. మర్యాదకి లోటుండదు, అంతే. వెళ్లేముందు ఇంట్లో ఆవిణ్ణి నిజంగా అడగండి. "నీ ఇష్టం" అంటే అది సరే అన్నట్టు కాదు.

రిటైర్‌మెంట్ డబ్బు చేతికొచ్చింది. ఇల్లు కొనేయమంటారా, కట్టేయమంటారా?

ఆ ఊళ్లో ఏడాది అద్దెకుండి చూశాక మాట్లాడదాం. ప్రభుత్వ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల దాకా పెట్టొచ్చు. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 61,500 రూపాయలు ఖాతాలో పడతాయి. అవే 30 లక్షలు మేడమెట్లలో, ప్రహరీ గోడలో పోస్తే పైసా రాదు, పైగా రెండు మూడేళ్లకోసారి సున్నం కొట్టించాలి. మా ఊరి ఇల్లు ఇప్పటికీ అమ్ముడుపోలేదు. పల్లెటూళ్లో ఒకరు కట్టుకున్న ఇల్లు ఇంకొకరు కొనడం తక్కువ, ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకుంటారు. ముప్పై ఏళ్లు లోన్లు ఇచ్చిన నాకు ఈ సంగతి తెలియక కాదు.

సరే, ఏ ఊరైతే మంచిది?

ముందు వైజాగ్ పేరే చెప్తారు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకి వదిలేస్తారు. రిటైరైన మనిషికి అంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. కానీ కొండవాలు కాలనీల్లో మోకాళ్లు మొరాయిస్తాయి, ఉప్పుగాలికి గ్రిల్స్ తుప్పు పడతాయి. సముద్రం కనిపించే పై అంతస్తు కావాలని పట్టుబట్టే ముందు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ అంతస్తుల్లో ఉన్నవాళ్లని అడగండి.

విజయవాడలో వైద్యం ఉంది, ఎటు పోవాలన్నా రైలుంది. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అటువైపు అద్దెకు దిగేముందు, నీళ్లు ఎంతవరకొచ్చాయో గోడ మీద చెయ్యిపెట్టి చూపించమని పక్కింటివాళ్లని అడగండి. ఓనర్ని కాదు.

హైదరాబాద్‌లో లేని డాక్టర్ లేడు. రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, పొద్దున నడకకి పెద్ద పార్కులు, అన్నీ ఉన్నాయి. ఫ్లాటు మాత్రం బాచుపల్లి అవతల కొంటాం. అక్కణ్ణుంచి గానసభకి వెళ్లి రావడమంటే ఒక ప్రయాణమే. హైదరాబాద్‌లో ఉండదలిస్తే గదులు తగ్గినా సరే, మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగేచోట ఉండండి.

తెలంగాణలో నాకు నచ్చింది వరంగల్, అందులోనూ హనుమకొండ వైపు. కాలేజీల ఊరు కాబట్టి చదువుకున్న సావాసం దొరుకుతుంది, భద్రకాళి చెరువు ఉంది, హైదరాబాద్ నూటయాభై కిలోమీటర్లలోపే. తిరుపతి అంటే చాలామందికి రోజూ దర్శనం చేసుకోవచ్చని ఊహ. ఊరివాళ్లకైనా క్యూ క్యూయే. స్విమ్స్ లాంటి ఆస్పత్రి ఉండడం, సంగీత కచేరీలు ఉండడం మాత్రం నిజంగా మంచి కారణాలు.

మేం రాజమండ్రిలో ఆగిపోవడానికి కారణాలు చిన్నవి. ఇంటి నుంచి గోదావరి గట్టు దాకా పన్నెండు నిమిషాల నడక, గౌతమీ గ్రంథాలయం, పుల్లట్లు వేసే బండి. దోమలు మాత్రం దండిగా ఉంటాయి. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ పన్నెండు రోజులు ఊరు విడిచి పోవాలో, దిగే చుట్టాలకి వండిపెడుతూ కూర్చోవాలో మేమింకా తేల్చుకోలేదు.

ఊరు ఏదైనా ఒక పరీక్ష పెట్టండి. మామూలు మంగళవారం నాడు పొద్దున పదింటికి, అందరూ ఆఫీసులకీ స్కూళ్లకీ వెళ్లిపోయాక వీధిలోకి రండి. మన వయసువాళ్లు ఎక్కడైనా కూర్చుని కనిపిస్తున్నారా? టీకొట్టు, గుడి మంటపం, లైబ్రరీ, పార్కు బెంచీ, ఏదైనా సరే. ఎవరూ కనిపించకపోతే ఆ ఊళ్లో ఉన్నవాళ్లంతా గదుల్లో టీవీ చూస్తున్నారని అర్థం.

ఫ్లాటా, ఇండిపెండెంట్ ఇల్లా?

ఫ్లాటే. తాళం వేసుకుని నెల్లాళ్లు పోవచ్చు, రాత్రిపూట పిలిస్తే పలికే గడప పక్కనే ఉంటుంది. చూసేటప్పుడు మోడ్యులర్ కిచెన్ చూసి మురిసిపోకుండా బాత్రూమ్ చూడండి. గుమ్మం దగ్గర మెట్టు ఉందా? తలుపు బయటికి తెరుచుకుంటుందా? లోపలికి తెరుచుకునే తలుపైతే, మనిషి దానికి అడ్డంగా పడిపోయినప్పుడు బయటినుంచి తెరవలేం. కమోడ్ పక్కన పట్టుకోవడానికి స్టీల్ రాడ్ పెట్టించండి, గరుకు టైల్స్ వేయించండి. కరెంటు పోతే జనరేటర్ మీద లిఫ్ట్ నడుస్తుందో లేదో వాచ్‌మన్‌ని అడగండి.

వైద్యం ఖర్చుల సంగతి?

ఊరు మారే ముందే తేల్చుకోవాల్సిన విషయమిది. కేంద్ర పెన్షనర్లకి సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) సెంటర్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి కొన్ని ఊళ్లలోనే ఉన్నాయి. అవి లేనిచోట ఉండేవాళ్లు నెలకి 1,000 రూపాయల మెడికల్ అలవెన్సు తీసుకోవచ్చు. రాష్ట్ర పెన్షనర్లకి ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డుంటుంది. అది ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో బోర్డు చూసి నమ్మొద్దు, లోపల కౌంటర్‌లో ఉండే ఆరోగ్యమిత్రని అడగండి. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుని కేంద్రం 2024 అక్టోబర్‌లో తెచ్చింది. 65 దాటినవాళ్లకి ఇన్సూరెన్స్ కంపెనీలు కొత్త పాలసీ ఇవ్వకుండా తప్పించుకునే వీలు కూడా అదే ఏడాది పోయింది. కాకపోతే ప్రీమియం చూస్తే బీపీ పెరుగుతుంది. ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు కాబట్టి, ఉద్యోగంలో ఉండగానే తీసుకోవడం తెలివైన పని.

అబ్బాయి అమెరికా వచ్చేయమంటున్నాడు.

వెళ్లి రండి. ఉండిపోవడం వేరే లెక్క. విజిటర్ వీసా మీద వెళ్తే సాధారణంగా ఒక దఫాకి ఆరు నెలల గడువు ఇస్తారు. అక్కడికని తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో చాలావరకు మనకి ముందునుంచీ ఉన్న షుగర్, గుండె జబ్బుల ఖర్చు రాదు. గ్రీన్‌కార్డు వచ్చినా, అక్కడ ఉద్యోగం చేయని పెద్దవాళ్లు మెడికేర్ (అక్కడి ప్రభుత్వం పెద్దవాళ్లకి ఇచ్చే ఆరోగ్య బీమా) కొనుక్కోవాలంటే 65 నిండి, వరసగా అయిదేళ్లు అక్కడ నివాసం ఉండాలి. పోనీ కార్డు తీసుకుని ఇక్కడే ఉందామా అంటే, ఏడాది దాటి బయట ఉంటే కార్డుకే ఎసరు. "అటు ఆరు నెలలు, ఇటు ఆరు నెలలు" అని చెప్పుకోవడానికి బాగుంటుంది. రెండు చోట్లా పాలసీ, రెండు చోట్లా మందుల డబ్బా.

అక్కడ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇల్లు మన కాపలాలో ఉంటుంది. కారు నడపలేకపోతే కాళ్లు లేనట్టే. నన్ను బతికించింది నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న పబ్లిక్ లైబ్రరీ. మా ఆవిణ్ణి బతికించింది శనివారం గుడి.

ఇక్కడే ఉన్న పిల్లలతో కలిసి ఉండొచ్చుగా?

ఒకే ఊళ్లో, వేరే ఇంట్లో. కూర గిన్నె పట్టుకుని నడిచి వెళ్లగలిగే దూరం సరిపోతుంది. కారులో వెళ్లేంత దూరమైతే వారానికోసారే చూసుకుంటారు, ఒకే ఇంట్లో అయితే రిమోట్ దగ్గర పేచీ మొదలవుతుంది.

ఇల్లు పిల్లల పేర రాసేయమని అంటున్నారు. రాయనా?

తొందరపడొద్దు. వీలునామా రాస్తే ఇల్లు మీరున్నన్నాళ్లూ మీదే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ రిజిస్టరైతే ఆ రోజే చేయి దాటిపోతుంది. తప్పనిసరై గిఫ్ట్ ఇస్తుంటే, మా బాగోగులు చూడాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. షరతు కాగితం మీద ఉంటే వాదన సులువు. "మావాడు అలాంటివాడు కాదండీ" అని అందరూ అంటారు. కాకపోతే మరీ మంచిది, ఆ వాక్యం వాడికి అడ్డేం కాదు.

సీనియర్ లివింగ్ కమ్యూనిటీలు ఎలా ఉంటాయి?

వృద్ధాశ్రమం అన్న మాట మనసులోంచి తీసేసి చూడండి. కోయంబత్తూరులో ఎప్పటినుంచో ఉన్నాయి, హైదరాబాద్ చుట్టుపక్కలా వచ్చాయి. భోజనం హాల్లో, నర్సు లోపలే, కూర్చుంటే నలుగురు. మా మిత్రుడొకాయన చేరాడు, సంతోషంగానే ఉన్నాడు, సాంబారే రోజూ ఒకేలా ఉంటుందట. చేరేముందు మూడు విషయాలు కాగితం మీద చూసుకోండి: నెలవారీ ఛార్జీ ఏటా ఎంత పెరుగుతుంది, మంచాన పడితే ఉంచుకుంటారా పంపేస్తారా, వదిలి వెళ్తే డిపాజిట్ ఎన్నాళ్లకి ఎంత తిరిగిస్తారు. రెండోదానికి నోటిమాటతో సరిపెడుతుంటే లేచి వచ్చేయండి.

రోజూ గంట నడుస్తున్నాను. చాలు కదా?

గుండెకి చాలు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కాస్త వేడెక్కేలా కదలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అది మీకు ఎలాగూ అవుతోంది. అదే సంస్థ ఇంకో రెండు మాటలు కూడా చెప్పింది, వాటినే మనవాళ్లు పట్టించుకోరు. వారానికి రెండు రోజులైనా కండరాలకి పని, 65 దాటాక మూడు రోజులైనా బ్యాలెన్స్ వ్యాయామం. జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడండి. మొదటిరోజు నేను నాలుగు సెకన్లకే తూలాను. మోకాళ్ల నొప్పులుంటే డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. షటిల్ కుర్రాళ్లతో పోటీకి దిగడం మాత్రం వద్దు. మా కాలనీలో ఒకాయన అలాగే మడమ దగ్గర నరం తెంపుకున్నారు.

పొద్దు గడవడం లేదు. ఏం చేయమంటారు?

మొదటి మూడు నెలలు ఈ ప్రశ్న రాదు. పెండింగ్ పనులు, తిరుపతి, కాశీ, బంధువుల ఇళ్లు. నాలుగో నెల నుంచి పేపరు రెండుసార్లు చదవడం మొదలవుతుంది.

మనకి ఇన్నాళ్లూ అలవాటైంది పని ఒక్కటే కాదు. ఫలానా టైముకి ఫలానాచోట మనకోసం ఎవరో చూస్తుంటారన్న సంగతి కూడా. దాన్నే మళ్లీ సంపాదించుకోవాలి. ఇంట్లో కూర్చుని చేసే హాబీ ఎంత గొప్పదైనా ఆ లోటు తీర్చదు. నేను వారానికి మూడు రోజులు దగ్గర్లోని ప్రభుత్వ స్కూల్లో పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్తాను. హెడ్మాస్టర్ గారిని అడిగితే మొదట అనుమానంగా చూశారు, రెండో వారానికి సుద్దముక్కల డబ్బా చేతికిచ్చారు. ఒకరోజు వెళ్లకపోతే "నిన్న రాలేదేం సార్" అని అడుగుతారు. నాకు దొరికే జీతం అదే.

ఎవరి తీరుకి తగ్గది వాళ్లకి ఉంటుంది. తెలుగు బాగా వచ్చినవాళ్లకి తెలుగు వికీపీడియా ఉంది. 2003 డిసెంబర్‌లో మొదలైంది, మీ ఊరి గురించి అందులో రెండు ముక్కలే ఉండి ఉంటాయి, సరైన ఆధారాలు చూపించి పెంచండి. వికీసోర్స్‌లో పాత పుస్తకాల స్కాన్లు చూసి అచ్చుతప్పులు దిద్దే పని ఎప్పుడూ ఉంటుంది. చదువుకోవాలనుకుంటే ఇంటినుంచే చదువుకునే ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోలో పై వయసు పరిమితి లేదు. మానేసిన వీణో హార్మోనియమో ఉంటే దుమ్ము దులపండి. తిరగాలనుకుంటే ఆడవాళ్లకి తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. మా ఆవిడా, ఇంకో నలుగురూ నెలకో గుడి చొప్పున తిరిగొస్తున్నారు. నన్ను రమ్మనరు, నాకు టికెట్ కొనాలట.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ట్రెజరర్ పదవి మాత్రం తీసుకోకండి. బ్యాంకులో చేశానని తెలిస్తే చాలు, మెడకి కడతారు.

మా వారు రిటైరయ్యారు. పొద్దున్నుంచి వంటింట్లో నిలబడి పోపుకి సలహాలిస్తున్నారు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న పెట్టమన్నది మా ఆవిడే, జవాబు కూడా ఆవిడదే. పది నుంచి ఒంటిగంట వరకు ఇంట్లో మగమనిషి ఉండకూడదు. ఎక్కడికి వెళ్తారన్నది ఆయన ఇష్టం, వచ్చేటప్పుడు కరివేపాకు తేవాలి. వారానికి రెండు పూటలు వంట ఆయనదే, ఆ పూట వంటింట్లోకి మీరు వెళ్లకూడదు. ఉప్మాతో మొదలైన నేను ఇప్పుడు గుత్తివంకాయ దాకా వచ్చాను.

ఇద్దరిలో ఒకరే మిగిలితే?

ఊరు ఎంచుకునేటప్పుడు నిజంగా అడగాల్సింది ఇదే, ఎవరం నోరు తెరిచి అడగం. ఇక్కడ నేను లేకపోయినా ఆవిడ ఉండగలదా, ఆవిడ లేకపోయినా నేను ఉండగలనా? బ్యాంకు, గ్యాసు, కరెంటు బిల్లు, ఫోన్‌లో డబ్బు పంపడం ఇద్దరికీ రావాలి. లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో మొహం చూపించి ఇవ్వొచ్చని తెలియాలి. కేంద్ర పెన్షనర్లకి అది నవంబర్‌లో, రాష్ట్ర పెన్షనర్ల గడువు వేరు, ట్రెజరీలో కనుక్కోండి. ఒంటరివాళ్లకే "మీ పేరు మీద కేసుంది, వీడియో కాల్ కట్ చేయొద్దు" అనే ఫోన్లు ఎక్కువ చేస్తారు. ఫోన్‌లో అరెస్టు చేసే పోలీసు లేడు. కట్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. మిగతా ఏ సాయం కావాలన్నా వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఈ రెండు నంబర్లూ మా ఫ్రిజ్ మీద మా ఆవిడ ముగ్గు అంచు వేసి అంటించింది.

పెద్దింటి సామానంతా చిన్న ఫ్లాటులో ఎలా పడుతుంది?

పట్టదు. పిల్లలకి కావాలేమోనని దాచకండి, వాళ్లకి అక్కర్లేదు, అడిగితే మొహమాటపడతారు. మేం గంగాళాలు గుడికిచ్చాం, పుస్తకాలు సగం లైబ్రరీకిచ్చాం. ఊళ్లోంచి తెచ్చుకున్నది మా అమ్మ పచ్చళ్ల జాడీలు రెండు, అరుగు మీది చెక్క బల్ల. ఆ బల్ల ఇప్పుడు లిఫ్ట్ పక్కన కారిడార్‌లో ఉంది. సాయంత్రం నాలుగింటికి మూడో అంతస్తు ఆవిడా, ఎదురింటి మామ్మగారూ, మా ఆవిడా దాని మీద కూర్చుని లిఫ్ట్‌లోంచి దిగేవాళ్లని పలకరిస్తుంటారు.